టీ తాగాకే కొలత

ఏటా మాగాయ ముక్కలు ఎండబెట్టేటప్పుడు మా డాబా మీద పాత పంచె పరిచి నాలుగు మూలలా నాలుగు బరువులు పెడతాను. మూడు మూలల్లో ఇటుక ముక్కలు. నాలుగో మూలలో జానెడు పొడవున్న గుండ్రటి ఇనప ముక్క. పెట్టే ముందూ తీసిన తరవాతా దాన్ని ఆముదం గుడ్డతో తుడుస్తాను, అందుకే ఇన్నేళ్లయినా తుప్పు అంటలేదు. దాని మీద వరసగా మూడు చుక్కలుంటాయి, గుండుసూది తలకాయ కంటె చిన్నవి. చూసినవాళ్లు బరువు కోసం దాచిన పాత ఇనుము అనుకుంటారు. అమ్మ ఉన్నన్నాళ్లూ దాన్ని బరువుగానే వాడింది. నేను మాత్రం ఏడాదికి ఒకసారి, మాగాయ పని ముగిశాక, పెట్టెలోంచి నాన్న మైక్రోమీటరు తీసి దాని మందం కొలుస్తాను. మిల్లీమీటరులో నూరో వంతు దాకా చూపించే పనిముట్టు అది. నలభై నాలుగు పాయింటు తొమ్మిది తొమ్మిది. తేదీ వేసి పుస్తకంలో రాసుకుంటాను. ఏ ఏడూ మారలేదు. మారదని తెలుసు, అయినా కొలుస్తాను. ఆ తేదీలన్నీ ఇక్కడ ఎక్కించను, చదివేవాళ్లకి వాటితో పని లేదు.

ఈ వేసవిలో ముక్కలు ఎండబెట్టిన రెండో రోజు కుమారి ఫోను చేసింది. నేను ఐటీఐలో మెషినిస్టు ట్రేడు చెప్పినన్నాళ్లలో నా దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు నలభై ఆరుగురు. వాళ్లలో కుమారి పన్నెండోది. మంచి చెయ్యి. కోర్సు అయిన ఏడాదే పెళ్లయి జంగారెడ్డిగూడెం వెళ్లిపోయింది, మళ్లీ మెషిను ముట్టుకోలేదు. ఇప్పుడు అక్కడ బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

"మా నిస్సీ సంగతి మీరే తేల్చాలండి మేడం గారూ," అంది. "విమానాలకి పార్టులు చేసే కంపెనీ అంటండి, హైదరాబాదు దగ్గర. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషిను మీద ఉద్యోగం ఇచ్చేరు. ఇదేమో ఇన్‌స్ట్రక్టరు ట్రైనింగుకి వెళ్తాను, పిల్లలకి పని నేర్పుతాను అని కూర్చుంది. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుంటారా అండి ఎవరైనా?"

"దాని ఇష్టం కదమ్మా. మధ్యలో నేనెందుకు?"

"మీరు ఓ పరీక్ష పెట్టండి. దీనికి చెప్పడం వచ్చు అని మీరంటే పంపిస్తాను. రాదంటే కంపెనీకే. అది కూడా ఒప్పుకుందండి."

"నేను రిటైరైన దాన్ని. నా పరీక్షకి విలువేముంది ఇప్పుడు?"

"రెండుసార్లు తప్పిన దాన్ని, నాకు తెలీదా అండి దాని విలువ," అని నవ్వింది. అది నిజమే. రెండు సార్లూ నేనే తప్పించాను.

సరే పంపమన్నాను. ఫోను పెట్టేశాక ఆ పూటంతా నాకు మరో పరీక్షే గుర్తుకొచ్చింది. అది నాన్న నాకు పెట్టింది. నేను తప్పింది.

అప్పట్లో మా ఇల్లు రాజమండ్రిలో, బ్రిడ్జి మీద రైలు వెళ్తే వంటింట్లో గ్లాసులు గలగలలాడేంత దగ్గరలో ఉండేది. వీధివైపు రేకుల షెడ్డులో నాన్న లేత్ వర్క్‌షాపు, వెనక రెండు గదుల్లో మా కాపరం. ఇనప కడ్డీని గిరగిరా తిప్పుతూ, పక్కనుంచి పదునైన ఉలి ఆనించి, కావలసిన మందానికి చెక్కే యంత్రమే లేత్. యంత్రాల చక్రాల్ని తిప్పే ఇనప ఇరుసుల్ని షాఫ్టులంటారు. చుట్టుపక్కల రైసు మిల్లుల షాఫ్టులు, గోదావరి మీద తిరిగే లాంచీల షాఫ్టులు మా షెడ్డుకే వచ్చేవి. ఉదయం ప్రార్థన ముగిసి, అమ్మ క్రైస్తవ మిషను బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్లేలోపు పోపు వేస్తుంటే, ఆ వాసనా షెడ్డులో కాలిన నూనె వాసనా నడవలో కలుసుకునేవి. ఇంటి వాసన అంటే ఇప్పటికీ నాకు ఆ రెండూ కలిసినదే. నాన్న సాయంత్రం పని దిగాక తవుడుతో చేతులు రుద్దుకునేవారు, ఆ పైన నిమ్మతొక్క. ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ నలుపు పోయేది కాదు. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం అమ్మ ఆయన చేతులు తిప్పి చూసి, "ఈ చేతుల్తోనే ప్రభు బల్ల దగ్గరికి వస్తారా అండీ?" అనేది. "ఆయన మాత్రం వడ్రంగి కాదా, ఏమీ అనుకోరులే," అనేవారు నాన్న.

షెడ్డులో నాన్నకి తోడు సత్తెయ్య మావయ్య ఉండేవారు. చుట్టం కాదు. నేను పుట్టకముందు నుంచీ ధవళేశ్వరం నుంచి సైకిలు మీద వచ్చి పనిచేసేవారు. ఇద్దరికీ ఒకటే అలవాటు, టీ. పని సగంలో టీ అడిగేవారు కాదు. షాఫ్టు ముతకగా చెక్కడం పూర్తయి, ఇక కొలత చూసుకుని చివరి కోత వెయ్యాలి అన్న చోట లేత్ ఆపేసి, "సుగుణా, టీ," అని నాకు పిలుపు. స్టూలు మీద కూచుని, గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, ఊదుకుంటూ, రోడ్డు మీద వెళ్లేవాళ్లని పేరుపేరునా పలకరిస్తూ, ఎక్కడా తొందర లేకుండా తాగేవారు. మైక్రోమీటరు తీసేది ఆ తరవాతే. కొలిచి, చివరి కోత వేసి, దింపేవారు. రోజుకి ఎన్ని టీలు తాగారో చెబితే ఆ రోజు ఎన్ని షాఫ్టులు దిగాయో నేను చెప్పగలిగేదాన్ని. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. అమ్మ మాత్రం, "మీ నాన్నకి పని ఒంక, టీ పని," అనేది. నాకు టీ ఇచ్చేవాళ్లు కాదు. టీ తాగితే ఆడపిల్లలు నల్లబడతారని అమ్మ నమ్మకం. అసలే నలుపు, ఇంకెక్కడికి పోతానని నేననేదాన్ని.

ఇనప రజను ఊడవడంతో మొదలుపెట్టి, బడి వదిలాక రోజూ గంటా రెండు గంటలు లేత్ దగ్గర నిలబడుతూ, పదో తరగతి అయ్యేసరికి నాకు ముతక పని అంతా వచ్చేసింది. ఐటీఐ ఫారం తెచ్చుకున్నాను. అమ్మ తను చదివిన టీచరు ట్రైనింగే నేనూ చదవాలంది. "ఖాకీ చొక్కా వేసుకుని, మగపిల్లల మధ్యన, ఆ తిరిగే మెషిను దగ్గర, ఇంత జడేసుకుని... నా వల్ల కాదమ్మా," అంది. ఫారం మీద తండ్రి సంతకం కావాలి. నాన్న అమ్మ మాట కాదనలేదు, నా మాటా కాదనలేదు. "మండపేట మిల్లు షాఫ్టు మొదలుకంటా నువ్వొక్కదానివే చెయ్యి. నేను మళ్లీ సరిచెయ్యక్కర్లేకుండా వస్తే సంతకం పెడతాను. లేదంటే అమ్మ చెప్పిన చదువు," అన్నారు. ఫారం ఇవ్వడానికి అయిదు రోజులుంది.

ఆ షాఫ్టు చివర, అది సాఫీగా తిరగడానికి, ఉక్కు కట్టులాంటి బేరింగు కూర్చోవాలి. బేరింగు లోపలి కన్నం సరిగ్గా నలభై అయిదు మిల్లీమీటర్లు. షాఫ్టు దానికంటె ఒక్క నూరో వంతు ఎక్కువుంటే బేరింగు బిర్రుగా పట్టుకుంటుంది. ఒక్క నూరో వంతు తక్కువున్నా వదులే. వదులైతే తిరిగే కొద్దీ అరిగి, పంట మిల్లుకొచ్చే రోజుల్లో షాఫ్టు ఆగిపోతుంది. ఆ రోజు నాన్న ద్రాక్షారామం వైపు ఏదో మిల్లులో పనికి వెళ్లారు. పొద్దున్నించీ నేనే చెక్కాను. జడ చుట్టి ముడేసి, పైన అమ్మ పాత తువ్వాలు కట్టుకున్నాను. మధ్యాహ్నానికి ఉలి మీద పోసే తెల్లటి నూనెనీళ్లు అయిపోయాయి. కలుపుకుని పోసుకోవచ్చు. కానీ అయిపోవచ్చింది కదా అని పొడిగానే లాగించాను. పొగ వచ్చింది. రానీ అనుకున్నాను. టీ ఎటూ నాకు లేదు. లేత్ ఆపీ ఆపగానే మైక్రోమీటరు పెట్టి కొలిచి, చివరి కోత వేసి, మళ్లీ అప్పుడే కొలిచాను. నలభై అయిదు పాయింటు సున్నా ఒకటి. ఇంతకంటె మంచి కొలత ఉండదు. గోడ మీద సుద్దతో పెద్దగా రాశాను, నాన్న రాగానే కనపడేటట్టు.

అన్నం తిని వచ్చేసరికి సత్తెయ్య మావయ్య షాఫ్టు దగ్గర బేరింగు పట్టుకుని నిలబడి ఉన్నారు. "చూడమ్మా," అని చివరన పెట్టి వదిలారు. బిర్రుగా ఆగాల్సిన బేరింగు గాజు జారినట్టు సర్రున జారిపోయింది. మళ్లీ కొలిచాను. నలభై నాలుగు పాయింటు తొమ్మిది తొమ్మిది. నా చెయ్యి తప్పిందా, మైక్రోమీటరు తప్పిందా తెలియలేదు. గోడ మీది అంకె చూస్తే ఏడుపొచ్చింది.

"ఏడుపెందుకే పిచ్చిదానా," అన్నారు మావయ్య. "సెంటరు పంచి తీసుకో. చుట్టూరా చుక్కలు కొట్టెయ్యి. ఒక్కో చుక్క చుట్టూ ఇనుం రవ్వంత పైకి లేస్తది, బేరింగు పట్టేస్తది. ఊళ్లో సగం మిల్లులు అట్టాగే తిరుగుతున్నాయి."

"నాన్నకి తెలిస్తే?"

"బేరింగు కింద ఏముందో దేవుడికే తెలియాల."

పంచి మొన ఇనుం మీద ఆనించి సుత్తితో కొట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగోది కొట్టడానికి చెయ్యి లేపాను కానీ దించలేకపోయాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేను. దేవుడికే తెలుస్తుందని మావయ్య అన్నారు చూడండి, ఆ మాటకి కొంచెం భయపడ్డానేమో. మిషను బడి టీచరు కూతుర్ని కదా. సుత్తి పక్కన పెట్టేసి, తడిగుడ్డతో గోడ మీది అంకె తుడిచేసి, షెడ్డు గుమ్మంలో కూచున్నాను.

సాయంత్రం నాన్న వచ్చి, నేను చెప్పేదాకా ఆగకుండా షాఫ్టు మీద బొటనవేలు నడిపారు. చుక్కల దగ్గర వేలు ఆగింది.

"మూడే ఉన్నాయే?" అన్నారు.

"నాలుగోది కొట్టలేకపోయాను నాన్నా." జరిగిందంతా చెప్పాను, పొడిగా చెక్కింది కూడా. "అప్పుడు సరిగ్గానే ఉంది. ఒట్టు. అన్నం తినొచ్చేసరికి తగ్గిపోయింది."

తిట్టలేదు. "సంతకం లేదన్నమాట" అనీ అనలేదు. చాలాసేపు చేతులు తవుడుతో రుద్దుకుని, "ఎందుకు తగ్గిందో చెప్పు, సంతకం పెడతాను. మావయ్యని అడక్కూడదు," అన్నారు. మర్నాడు కొత్త కడ్డీ బిగించి, ఆ షాఫ్టు తనే చేసి మిల్లుకి పంపించేశారు. నేను చెడగొట్టిన దాంట్లోంచి మూడు చుక్కలున్న ముక్క రంపంతో కోసి నా చేతిలో పెట్టారు. అప్పటికి ఫారానికి నాలుగు రోజులు. నేను ఆ ముక్కని రోజుకి పదేసి సార్లు కొలిచాను. ఎప్పుడు కొలిచినా అదే అంకె. తగ్గనూ లేదు, పెరగనూ లేదు. ఇనుం దొంగతనంగా తగ్గిపోయి, ఏమీ ఎరగనట్టు కూచుందనిపించేది. అమ్మ మాత్రం ఆ నాలుగు రోజులూ నాతో మెత్తగా మాట్లాడింది. ట్రైనింగుకని రెండు చీరలు కూడా తీసి మడతపెట్టింది. ఆ మెత్తదనమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

అప్పుడు మా అక్క పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. ఆఖరి రోజు పొద్దున్న, అక్క స్నానానికి వెళ్తే పసిదానికి పాలు పట్టమని అమ్మ నాకు చెప్పింది. పొయ్యి మీది పాలు ఉగ్గుగిన్నెలో పోసుకుని నోటి దగ్గర పెట్టబోతుంటే అమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

"ఏంటే ఆ తొందర? ముందు నీ మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడు. చల్లారకుండా పోసేస్తారా ఎవరైనా?" అని తనే చుక్క వేసింది. చురుక్కుమంది. "చూశావా? కాసేపాగు. ఆగితే ఏం పోయింది?"

గిన్నె పట్టుకుని కూచున్నాను. పసిది ఏడుస్తోంది. షెడ్డులోంచి నాన్న, "సుగుణా, టీ," అని కేకేశారు. లేత్ చప్పుడు ఆగి ఉంది. బేరింగు గట్టిగా పట్టినప్పుడల్లా నాన్న దాన్ని నూనెలో కాచి షాఫ్టుకి ఎక్కించడం వందసార్లు చూసినదాన్ని. కాగితే బేరింగు కన్నం పెద్దదవుతుందని నాకు తెలుసు. షాఫ్టు కూడా ఇనుమేనని, అది కూడా కాగితే ఉబ్బుతుందని, చల్లారితే తగ్గుతుందని తోచలేదు. పొగలొచ్చేదాకా చెక్కి, చెయ్యి వేసి కూడా చూడకుండా కొలిచాను. నాన్న ఒక్కనాడైనా వేడి మీద కొలిచారా? స్టూలు మీద కూచుని ఆయన అంత నింపాదిగా తాగింది టీ కాదు. అది షాఫ్టు చల్లారడానికి పట్టే సమయం.

టీ గ్లాసుతో వెళ్లి చెప్పాను. నాన్న రెండు గుక్కలు తాగి, చొక్కా జేబులోంచి పెన్ను తీసి, "ఫారం తే," అన్నారు.

"ముందే చెప్పొచ్చుగా నాన్నా, చల్లారాక కొలవాలని."

"మా గురువు గారు నాకు చెప్పారనుకున్నావా? టీ తాగి కొలవరా అన్నారంతే. మూడు షాఫ్టులు చెడగొట్టాక తెలిసింది. నువ్వు ఒక్కదాంతో తెలుసుకున్నావు."

సత్తెయ్య మావయ్య స్టూలు మీద గ్లాసు పట్టుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "అదా సంగతి?" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన టీని టీ అనుకునే తాగారు.

అమ్మ గుమ్మంలో నిలబడి సంతకం చూసింది. "జవాబు చెప్పింది నువ్వేనే," అన్నారు నాన్న. "నేనా?" అంది అమ్మ. జరిగింది చెబితే ఆఖరుదాకా వింది. తరవాత మడతపెట్టిన రెండు చీరల్లోంచి పాతదాన్ని తీసి, రెండు ముక్కలుగా చింపి, "ఇది తలకి కట్టుకో. జడ బయటికి కనపడిందని ఎవరైనా నాతో అన్నారో, చూడు," అంది. ఇనప ముక్క తీసుకెళ్లి డాబా మీద మాగాయ పంచెకి బరువు పెట్టేసింది. కొన్నేళ్ల తరవాత నేను ఐటీఐలోనే ఇన్‌స్ట్రక్టరునయ్యానని చెబితే, "టీచరువి అవ్వమన్నాను, అయ్యావు. చీర మీద మరకలే ఎక్కువ," అంది. అంతకు మించిన మెచ్చుకోలు అమ్మ దగ్గర ఉండేది కాదు.

నాన్న మంచి పనివాడు, కానీ నా లెక్కలో మంచి గురువు కాదు. పన్లో రహస్యం దాచారని కాదు, ఆయనకి చెప్పడం రాదు. నేను మొదటి బ్యాచికి మొదటి రోజే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాను. ప్రతి బ్యాచిలోనూ మొదటి పూట పిల్లలందరి మణికట్టుకీ వేడి ఇనుం ఆనించి, చల్లారనిచ్చి, రెండు కొలతలూ వాళ్ల చేతే బల్ల మీద రాయించేదాన్ని. పెళ్లయి పని మానేసిన పిల్లలు చాలామంది ఉన్నారు. పుణెలో, చెన్నైలో సొంతంగా షాపు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మెషిను ముందు నిలబడేవాళ్లు, దానికి ప్రోగ్రాము రాసేవాళ్లు, కొలిచి పాసు చేసేవాళ్లు వేరువేరు. మా రోజుల్లో ఆ ముగ్గురూ ఒక్క నాన్నే. కొలిచే గదిని ఏడాది పొడవునా ఇరవై డిగ్రీల చల్లదనంలోనే ఉంచుతారట. నాన్న టీ గ్లాసు చేసిన పని ఇప్పుడు ఏసీ చేస్తోంది. మంచిదే. కానీ ఎందుకు చేస్తోందో చెప్పేవాళ్లు అప్పుడెంత తక్కువో ఇప్పుడూ అంతే తక్కువ.

మర్నాడు నిస్సీ పదకొండింటి బస్సుకి వచ్చింది. సన్నటి పిల్ల, జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. మా అమ్మ చూస్తే సగం దిగులు తీరేది. "నమస్తే మేడం గారూ. అమ్మ మాగాయ తెమ్మందండి," అని ఖాళీ సీసా బల్ల మీద పెట్టింది. డాబా మీదికి తీసుకెళ్లి, నాలుగో మూల చూపించి, "అది కిందికి తీసుకొచ్చి కొలువు. మైక్రోమీటరు గదిలో ఉంది," అన్నాను. మే నెల ఎండ. ముక్క రెండు రోజులుగా ఆ ఎండలోనే ఉంది.

చున్నీ కొంగుతో పట్టుకుని తీసింది. మెట్ల దగ్గరే ఆగి, చున్నీ పక్కకి తప్పించి మణికట్టుకి ఆనించుకుంది. గదిలోకి వచ్చి మైక్రోమీటరు వైపు చూడనైనా చూడకుండా, ముక్కని గచ్చు మీద నీడలో పెట్టేసింది.

"ఏంటమ్మా, కొలవవా?" అన్నాను. పన్నెండో అమ్మాయికి నేను నేర్పింది ఇక్కడిదాకా వచ్చిందని అప్పటికే తెలిసిపోయింది. నాక్కావలసింది అది కాదు. అందుకని ఏమీ తెలియని పిల్లలా మొండికేశాను. "ఎందుకాగాలి? ఇనుం ఇనుమేగా. ఇప్పుడు కొలిస్తే ఏం?"

నిస్సీ వంగి ముక్క తీసి, "మీ చెయ్యి ఓసారి ఇలా ఇవ్వండి," అంది. నా చెయ్యి తిప్పి, ముడతలు పడ్డ మణికట్టు మీద, కాలకుండా, ఒక్క క్షణం ఆనించి తీసేసింది. చురుక్కుమంది. "ఇప్పుడొకసారి కొలిచి రాద్దామండి. చల్లారాక ఇంకోసారి కొలిచి రాద్దాం. ఎందుకో అప్పుడు మీరే నాకు చెప్పాలండి," అంది. వేడి మీద కొలిచి, అంకె ఒక కాగితం మీద రాసింది. నేను మణికట్టు రుద్దుకుంటుంటే కోపమనుకుందేమో, కాస్త తగ్గి, "ఇది చల్లారేలోపు టీ పెట్టనా అండి?" అని అడిగింది.

ఆ పిల్లకి నాన్న సంగతి తెలియదు. కుమారికీ ఎప్పుడూ చెప్పలేదు. నాకు టీ అలవాటు లేదు. ఇంట్లో టీ పొడి వచ్చేవాళ్ల కోసం ఉంటుంది.

"పెట్టమ్మా," అన్నాను. "నాకు కూడా."

తాగడం అయ్యాక తనే మళ్లీ కొలిచింది, నేను రాసుకున్నాను. నలభై నాలుగు పాయింటు తొమ్మిది తొమ్మిది. సీసాలో కిందటేటి మాగాయ పెట్టి ఇచ్చి, కుమారికి ఫోను చేశాను.

"ఏం తేల్చారండి మేడం గారూ?"

"మీ అమ్మాయి టీ బాగా పెడుతుంది," అన్నాను. "ట్రైనింగుకి పంపించు."